బెరడు ఒలిచిన బత్తాయి చెట్టు

నేను చెబుతుంటే ఈ కాగితాలు నింపుతున్నది, నా తరవాత బోటనీ ల్యాబులో చేరిన పిల్ల. నాకు సంతకం వచ్చు, సీసాల మీద పేర్లు గుర్తుపడతాను. అంతకు మించి చదువు నా దగ్గరికి రాలేదు, నేనూ దాని వెంట పడలేదు. "మీ అనుభవాలు చెప్పండి పెద్దమ్మా, కొత్తగా చేరేవాళ్ళకు పనికొస్తాయి" అని ఈ పిల్ల అడిగింది. ఆర్డర్లూ ఇంక్రిమెంట్లూ చెప్పను. అవి ఆఫీసు బీరువాలో ఉన్నాయి, వాటిని చెదలు చదువుకుంటున్నాయి. పని ఎట్లా ఉంటుందో, అందులో నేను చేసిన ఒక పెద్ద తప్పు ఏమిటో, అది చెబుతాను. తప్పు చెప్పని ముసలివాళ్ళ అనుభవాలు వినకండి. వాళ్ళు మీ పొద్దు పాడుచేస్తారు.

నరసరావుపేటలో ఒక కాలేజీ. మా ఆయన అక్కడ బోటనీ అటెండరు. పచ్చకామెర్లు వస్తే ఆసుపత్రికి పోకుండా ఎవరో ఇచ్చిన ఆకు పసరు తాగుతూ కూర్చున్నాడు. మొక్కల ల్యాబులో పదేళ్ళు చేసినవాడు మొక్కను నమ్మే పోయాడు. మూడో నెలలో ఆ పని నాకిచ్చారు. టెంపరరీ అన్నారు. కాలేజీ కమిటీ సెక్రటరీ గారు సంతకం పెడితే పర్మనెంటు, పెట్టకపోతే గురజాల పక్కన మా పుట్టినూరు పోయి మళ్ళీ మిరప కోతల్లో వంగాలి. మిరపకాయ కోసిన చేత్తో ఒక్కసారి కళ్ళు తుడుచుకున్నవాళ్ళకు, ఆ సంతకం నాకెంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. రెండేళ్ళుగా ఆ సంతకం రేపూ ఎల్లుండీ అంటూ జరుగుతూనే ఉంది.

బ్లేడు, దుంప, ఎర్ర రంగు

ల్యాబు అటెండరు అంటే బెంచీలు తుడిచే మనిషి అనుకుంటారు. తుడవాలి, కాదనను. కానీ మైక్రోస్కోపు కింద పిల్లలు నోరు తెరుచుకుని చూసే ముక్క ఉంది చూశారూ, అది సరిగా రావాలంటే అటెండరు చెయ్యి సరిగా ఉండాలి. లేత కాండం ముక్కను చీల్చిన బంగాళాదుంప మధ్య ఇరికించి, తడి బ్లేడుతో ఒకే లాగుడుగా కోయాలి. ముందుకు నొక్కితే ముక్క చితుకుతుంది. భయపడుతూ కోస్తే లావుగా వస్తుంది. కోసినవన్నీ నీళ్ళ గిన్నెలో వేసి, వాటిలో అన్నిటికంటే పల్చనిదాన్ని కుంచెతో ఎత్తి ఎర్ర రంగులో ముంచాలి. ఆ రంగును శాఫ్రనిన్ అంటారు. చీరకంటితే చీర పోతుంది గానీ రంగు పోదు. మొదటి నెలలోనే నాకు ఉన్న రెండు మంచి చీరలూ దానికే ఇచ్చుకున్నాను.

మా హెడ్డు భాస్కరరావు మాస్టారు. కోపం తక్కువ, మతిమరుపు ఎక్కువ. ఆయన ఒకరోజు నన్ను పిలిచి, నేను కోసిన ముక్కనే నాకు చూపించారు.

"ఏం కనపడుతుంది కోటమ్మా?"

"జంతికల గొట్టం అడుగు బిళ్ళలాగా ఉందండి. అన్నీ బొక్కలే. లోపలివైపువి ఎర్రగా ఉన్నయ్యి. వాటి బయటివైపు చిన్న చిన్న గళ్ళు, వాటికి రంగు సరిగా అంటలా."

"ఎర్రవి జైలమ్. తెలుగులో దారువు. వేళ్ళు తాగిన నీళ్ళు పైకి పోయేది అందులోనే. బయటివైపున్నది ఫ్లోయమ్, పోషక కణజాలం. ఆకు వండిన తిండి పోయేది అందులో."

"రెండూ గొట్టాలే గదండీ. ఒకటి చాలదా?"

"మంచినీళ్ళ పైపులో మునిసిపాలిటీ వాళ్ళ చేత బెల్లం పానకం పోయిస్తావా?"

ఆ ఒక్క మాటతో నాకు తలుపు తెరుచుకుంది. తరవాత ఆయన పాఠం చెప్పేటప్పుడల్లా సీసాలు కడుగుతున్నట్టు నటిస్తూ అక్కడే ఉండేదాన్ని. కడిగిన సీసాలనే నాలుగుసార్లు కడిగాను. ల్యాబు చానా శుభ్రంగా ఉంటుందని నాకు పేరొచ్చింది.

చచ్చినది, బతికినది

నాకు అర్థమైనంత వరకు ఆ రెంటికీ తేడా ఇది. దారువులో గొట్టాలు చచ్చిన కణాలు. లోపల ఏమీ ఉండదు, ఖాళీ. అవి ఒకదాని మీద ఒకటి నిలబడి, మధ్య అడ్డుగోడలు కరిగిపోయి పొడుగాటి పైపు అవుతాయి. పక్కగోడలు మాత్రం గట్టివి, లోపల చుట్టలు చుట్టలుగా కట్టు కట్టి ఉంటాయి, పైనుంచి ఆకులు నీళ్ళు లాగేటప్పుడు లోపలికి నొక్కుకుపోకుండా. నీళ్ళ ప్రయాణం ఒకటే దిక్కు, పైకి. చెట్టును నిలబెట్టే కట్టె కూడా ఇదే. బతికున్నప్పుడు కాదు, చచ్చాకే దానికి పని. మా ఆయనా అంతే. బతికినన్నాళ్ళూ ఇంటికి ఒక సరుకు మోసుకొచ్చిన పాపాన పోలేదు, పోయాక నాకు ఉద్యోగం తెచ్చిపెట్టాడు.

పోషక కణజాలం బతికే ఉంటుంది. అందులో గొట్టాలకు అడ్డుగోడలు పోవు, జల్లెడలాగా బొక్కలు పడతాయి. అందుకే చాలనీ నాళాలు అంటారు. విచిత్రం ఏమిటంటే ఆ జల్లెడ కణానికి కేంద్రకం ఉండదు, అంటే బుర్ర లేదు. దాని పక్కనే అంటిపెట్టుకుని ఒక చిన్న కణం ఉంటుంది, సహకణం. ఆలోచన అంతా దానిది, పేరంతా జల్లెడది. మాస్టారు ఈ మాట చెప్పిన రోజు నేను వెనక నుంచి నవ్వాను. "ఎందుకు నవ్వుతున్నావు?" అన్నారు. "ఏం లేదండి, మన ల్యాబు గుర్తొచ్చింది" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే నేను చెప్పిందానికి సాక్ష్యం.

ఇంకొక మాట. పిల్లలు పరీక్షలో 'దారువు పైకి, పోషకం కిందికి' అని రాసి చేతులు దులుపుకుంటారు. తప్పు. తిండి ఎక్కడ వండితే అక్కడి నుంచి ఎక్కడ ఆకలి ఉంటే అక్కడికి పోతుంది. వేరుకు ఆకలైతే కిందికి, కాయకూ చిగురుకూ ఆకలైతే పైకి. నీళ్ళకు దిక్కు ఉంది, తిండికి ఆకలే దిక్కు.

నేర్చుకున్నదాన్ని ఊరికే ఉంచుకోలేదు. తెల్లపూల కాశీతుమ్మ మొక్క కొమ్మల్ని ఎర్ర సిరాలో నిలబెడితే దారువు సిరాను లాగి ఈనెలు ఎర్రబడతాయి, పూలు గులాబీ రంగు తిరుగుతాయి. ఫిజిక్సు మేడమ్ ఒకావిడ వాటిని చూసి, "ఈ రకం ఎక్కడిదే కోటమ్మా?" అన్నది. కొండవీడు కొండ మీదదని చెప్పి విత్తనాలిచ్చాను. వాళ్ళ పెరట్లో తెల్లగానే పూసింది. "నీళ్ళు మారినయ్యండి" అన్నాను. అందులో అబద్ధం ఏమీ లేదు.

మా అత్త నేర్పిన విద్య

ఇప్పుడు తప్పు దగ్గరికి వస్తాను.

మా వైపు పొలం గట్టు మీద పక్కవాడి తుమ్మచెట్టు ఉండి, దాని నీడ మన మిరప మడిలో పడుతుందనుకోండి. అడిగితే కొట్టడు. మనం కొడితే పంచాయితీ. అందుకని మొదలు దగ్గర చుట్టూరా బెరడు ఒలిచేస్తారు, పైన బురద పూసేస్తారు. చెట్టు వెంటనే చావదు. నెలల తరబడి పచ్చగా ఉండి, ఎప్పుడో ఎండుతుంది. అప్పటికి ఎవరు ఒలిచారో ఎవరికీ గుర్తుండదు. మా అత్త దాన్ని చెట్టుకు మొలతాడు కట్టడం అనేది. నేను కాపురానికి వచ్చిన ఏడాదే నా చేత మూడు మొలతాళ్ళు కట్టించింది. నా చెయ్యి మంచిదని ఊళ్ళో పేరు కూడా వచ్చింది, లోపలి తెల్లకట్టెకు గీత పడకుండా ఒలుస్తానని.

కాలేజీలో బోటనీ గది ముందు ఒక బత్తాయి చెట్టు. ఆ గదికి ప్రారంభం చేసిన రోజున సెక్రటరీ గారు తన చేత్తో నాటినది. చుట్టూ కంచె, పక్కన ఆయన పేరుతో బోర్డు. మొదలు నా మోచెయ్యంత లావు, ఆ ఏడు మంచి కాపు మీద ఉంది.

శ్రావణమాసంలో ఒక శనివారం మాస్టారు ఊరికి బస్సెక్కడానికి పరిగెత్తుతూ గేటు దగ్గర ఆగారు.

"కోటమ్మా, సోమవారం పిల్లలకి రింగింగ్ చూపించాలి. బత్తాయికి చుట్టూ రెండు వేళ్ళ వెడల్పున బెరడు ఒలిచి పెట్టు. లోపలి కట్టెకు గాటు పడకూడదు."

బస్సు కదిలింది, ఆయన వేలాడారు. అంతే.

సెక్రటరీ గారికీ మాస్టారికీ అంతకు వారం ముందే మైక్రోస్కోపు లెన్సులు కొనే విషయంలో మాటా మాటా వచ్చింది. నేను విన్నాను. సెక్రటరీ గారి చెట్టుకు మొలతాడు కట్టమంటున్నారంటే మాస్టారికి కడుపు ఎంత మండిపోయిందో అనుకున్నాను. చదువుకున్నవాళ్ళ పగ కూడా మా అత్త పగలాగే ఉంటుందని కొంచెం ముచ్చట కూడా వేసింది. కత్తి నూరుకుని కూర్చుని, మొదలుకు చుట్టూరా, అద్దంలా ఒలిచాను. మా ఊళ్ళో ఎవరైనా చూస్తే చెయ్యి కళ్ళకద్దుకునేవాళ్ళు.

మాస్టారి ముఖం

సోమవారం పొద్దున పిల్లలను వెంటేసుకుని మాస్టారు వచ్చారు. చెట్టు పైకి చూశారు, కొమ్మ కొమ్మా వెతికారు. తరవాత కిందికి చూశారు. చేతిలో సుద్దముక్క జారిపోయింది.

"కోటమ్మా, కొమ్మకు గదా చెయ్యాల్సింది."

"తమరు బత్తాయికి అన్నారు సార్."

"ఎవరన్నా మొదలుకు ఒలుస్తారా?"

"మా ఊళ్ళో అందరూ మొదలుకే ఒలుస్తారండి."

"ఎందుకు?"

"చావటానికి."

పిల్లలు నవ్వారు. మాస్టారు కంచె రాయి మీద కూలబడ్డారు.

"చంపమంటే చంపేస్తావా? ఎందుకండీ అని ఒక్క మాట అడగవా?"

"తమరికీ సెక్రటరీ గారికీ లెన్సుల కాడ తేడా వచ్చింది గదండీ. పెద్దోళ్ళ పగ, మనకెందుకులే అనుకున్నా."

కొత్తగా చేరేవాళ్ళకు ఇక్కడ ఒక మాట. చెప్పిన పని చెప్పినట్టు చేయడం మంచి నౌకరు లక్షణం అంటారు. అది చెప్పేవాళ్ళకు మంచిది. ఎందుకు చేయిస్తున్నారో అడగండి. అడిగితే విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. మాస్టార్లకు కూడా ఒక మాట ఉంది. మీ బుర్రలో ఉన్న కొమ్మ మా బుర్రలో ఉండదు, నోరు తెరిచి చెప్పాలి.

మాస్టారు లేచి పాఠం చెప్పారు. అది మాత్రం ఆయన గొప్ప. ముఖంలో నెత్తురు చుక్క లేదు గానీ పాఠం ఆగలేదు. బెరడుతో పాటు పోషక కణజాలం పోయింది, దారువు లోపలి కట్టెలో భద్రంగా ఉంది, అందుకే ఆకులు వాడలేదు, నీళ్ళు అందుతూనే ఉన్నాయి అన్నారు. ఆకులు వండిన తిండి కిందికి దిగే దారి తెగింది కాబట్టి గాటుకు పై అంచున పేరుకుని ఉబ్బుతుంది. కాయలకు మామూలు కంటే ఎక్కువ తీపి చేరుతుంది. వేళ్ళు మాత్రం దాచుకున్నది తిని, అది అయిపోయాక మాడి చస్తాయి. వేళ్ళు చచ్చాక నీళ్ళు ఎత్తేవాళ్ళుండరు, అప్పుడు ఆకులు పోతాయి.

మా అత్త జీవితమంతా చెట్లు చంపింది, ఎందుకు చస్తున్నాయో ఆమెకు తెలియదు. నీళ్ళు కట్టేశాం అనేది. నీళ్ళు కడితే మర్నాడే వాడిపోవాలి గదా అని నాకు అప్పుడే అనుమానం. ఇరవై ఏళ్ళ అనుమానం ఆ పొద్దున తీరింది. తీరిన సంతోషం పూర్తిగా రాకముందే ఉద్యోగం గుర్తొచ్చింది.

పిల్లలు వెళ్ళిపోయాక అడిగాను. "ఎన్నాళ్ళకు ఎండుద్దండి?"

"మూడు నెలలు పట్టొచ్చు, నాలుగు పట్టొచ్చు." ఆయన నా వైపు చూడకుండా గోడతో మాట్లాడుతున్నట్టు అన్నారు. "నీ పర్మనెంటు సంగతి కార్తీకంలో కమిటీ మీటింగుకు వస్తుంది. అప్పటిదాకా చూసేవాళ్ళకు చెట్టు పచ్చగానే ఉంటుంది. కొంచెం బురద పూస్తే..."

పూర్తి చెయ్యలేదు. నాకు పూర్తి చెయ్యక్కర్లేదు, ఆ విద్య మా అత్త ఎప్పుడో నేర్పింది.

బురద పూసి ఊరుకుందామనే అనుకున్నాను. అబద్ధమెందుకు. కానీ రోజూ ఆ చెట్టు ముందు నుంచే ల్యాబు తాళం తీయాలి. పైన ఆకులు నవనవలాడుతుంటాయి, కాయలు నిగనిగలాడుతుంటాయి, కింద వేళ్ళు పస్తు. మా ఆయన మంచంలో ఉన్న నెలల్లో నేనూ అట్లాగే తిరిగాను, పైకి చీర కుచ్చిళ్ళు చెదరకుండా. అప్పుడు ఎవరికీ తెలియలేదు. ఈ చెట్టు సంగతి మాత్రం నాకు తెలుసు. మూడో రోజు మనసు ఉండబట్టలేక మస్తాన్ మామ దగ్గరికి పోయాను.

నాలుగు పుల్లలు

మస్తాన్ మామ వినుకొండ రోడ్డులో ఒక నర్సరీలో అంట్లు కట్టేవాడు. వరసకు మామ ఏమీ కాదు, మా ఆయన అట్లా పిలిచేవాడు, నేనూ పిలిచాను. చెప్పిందంతా విని బీడీ ఆర్పాడు.

"చంపటానికి మీ అత్త, బతికించటానికి నేనా?"

"మా అత్త పోయింది మామా. నువ్వే ఉన్నావు."

"బెరడు పూర్తిగా ఒలిచావా, యాడన్నా పిసరంత వదిలావా?"

"నేను ఒలిస్తే పిసరు మిగలదు మామా."

"గొప్పలకి తక్కువ లేదు. పద."

ఆ రోజు కాలేజీకి సెలవు. మామ వచ్చి చెట్టు చుట్టూ తిరిగి, పైనుంచి పెన్సిలంత లావు లేత కొమ్మలు నాలుగు కోశాడు. ఒక్కోదాన్ని జానెడు ముక్క చేసి రెండు చివరలూ ఏటవాలుగా చెక్కాడు. నేను ఒలిచిన ఖాళీకి కింద బెరడులో ఒక చీలిక, పైన బెరడులో ఒక చీలిక పెట్టి, పుల్ల కింది చివర కింద, పై చివర పైన దూర్చాడు. కాలవ మీద నాలుగు తాటిదుంగలు వేసినట్టు నాలుగు వైపులా నాలుగు పుల్లలు.

"ఇటుది అటు పెడితే ఏమవుద్ది మామా?"

"తలకిందులుగా పెడితే ఏ ప్రాణీ బతకదు. పుల్లకు పైది పైనే ఉండాలి. పుల్ల బెరడు చెట్టు బెరడుకు లోపలివైపున తగలాలి. కట్టెకు కట్టె తగిలి ఉపయోగం లేదు. తీపి దిగేది బెరడులో."

"మా మాస్టారు ఇదే మాట ఇంగ్లీషులో చెప్పాడు."

"ఆయనకి జీతం ఎక్కువ."

నారతో కట్టి, ఎర్రమట్టీ పేడా కలిపి మెత్తి, తడి గోనెపట్టా చుట్టాడు. తెల్లకట్టె ఎండితే నీళ్ళ దారి కూడా పోతుందట, అందుకని తడి ఆరకుండా చూడమన్నాడు. రెండు నెలలు ఎవరినీ తాకనివ్వొద్దు, పుల్ల కదిలితే అతుకు విడిపోతుంది అన్నాడు.

ఎవరినీ తాకనివ్వకుండా కాలేజీలో చెట్టును కాపాడటం ఎట్లా? కాలేజీ పిల్లలు దేవుడు చెప్పినా వినరు. అయితే దేవుడి జోలికి మాత్రం పోరు. ఇంటికి పోయి పసుపు నీళ్ళలో పాత గుడ్డ ముంచి తెచ్చి గోనె మీద చుట్టాను. ముందు వైపు కుంకుమ బొట్టు పెట్టాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. నేను అబద్ధం ఆడానని ఎవరూ అనలేరు, గుడ్డ ఆడింది.

అమ్మవారు

వారం తిరక్కముందే బైపీసీ ఆడపిల్లలు పరీక్షకు ముందు మూడు ప్రదక్షిణలు చేయడం మొదలుపెట్టారు. పదో రోజుకు ఊదుబత్తులు. ఇద్దరు కామర్సు మగపిల్లలు సాష్టాంగం కూడా చేశారు, వాళ్ళ సబ్జెక్టు అట్లాంటిది. వాచ్‌మన్ ఏసోబు నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, ఎవరే ఈమె?"

"ఎవరో తమ్ముడూ. నాకేం తెలుసు."

"మా చర్చిలో ఇట్టాంటియ్యి ఉండవనుకో. అయినా పరీక్షల ముందు పిల్లకాయలకి ఏదో ఒకటి కావాలిలే. నేను రాత్రిళ్ళు కుక్కల్ని రానివ్వను."

కాపలా కూడా దొరికింది. పొద్దున్నే చెంబుడు నీళ్ళతో గుడ్డ తడిపేదాన్ని. చూసినవాళ్ళు అభిషేకం అనుకునేవాళ్ళు. మాస్టారు ఒక్కరే ఆ చెట్టు వైపు చూడకుండా నడిచేవారు, చూస్తే నవ్వు వస్తుందని.

ఆశ్వయుజంలో సెక్రటరీ గారు వచ్చారు. మిర్చి యార్డులో పెద్ద వ్యాపారి, గొంతు ముందు వచ్చి మనిషి తరవాత వచ్చేవాడు. పసుపు గుడ్డ చూసి ఆగాడు.

"ఏందిది? ఎవురు కట్టారు?"

నేను నోరు విప్పేలోపు ప్రదక్షిణ చేస్తున్న పిల్ల ఒకతి చెప్పేసింది, అమ్మవారు వెలిసిందని. ఆయన మీసం మెల్లగా పైకి లేచింది. "నా చేత్తో నాటిన చెట్టు" అన్నాడు. చెప్పులు విప్పాడు. మూడు చుట్లు తిరిగి కాయ కోసి ఒలిచి నోట్లో వేసుకున్నాడు.

"అబ్బ, ఏం తీపి! పోయినేడు ఇంత తీపి లేదే. ఏం మాస్టారూ?"

ఆ తీపి వేళ్ళకు పోవాల్సింది. దారి లేక కాయలో చేరింది. మాస్టారికి తెలుసు, నాకు తెలుసు. "అవునండి, ఈ ఏడు చెట్టు అంతా పైనే ఉంచుకుంది" అన్నారు మాస్టారు. అంత నిజం ఆయన ఇంకెప్పుడూ చెప్పలేదు.

పోతూ పోతూ సెక్రటరీ గారు నా గుండెలో రాయి వేశాడు. "కార్తీకంలో మీటింగు పూట పట్టుగుడ్డ తెస్తా. ఈ పాతది నా చేత్తోనే విప్పి కడతా. కమిటీ వాళ్ళందరికీ చెబుతా."

మీటింగు పూట

ఆ రోజు కమిటీ పెద్దలు లోపల గదిలో కూర్చున్నారు. బల్ల మీద నా కాగితం ఉంది. సెక్రటరీ గారు పళ్ళెంలో పట్టుగుడ్డ, కొబ్బరికాయ పట్టుకుని చెట్టు దగ్గరికి వచ్చాడు. మాస్టారు, నేను, ఏసోబు ఉన్నాం. గుడ్డ ముడి మీద ఆయన చెయ్యి వేశాడు.

ఇంకొక గంట ఆగమని ఏదో మైల పేరు చెప్పి ఉంటే ఆగేవాడు. సంతకం అయిపోయేది. ఆ మాట నా నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ ఆయన ముడి విప్పడం చూసి నాకు భయమేసింది. ఆయన లాగుడుకు పుల్లలు కదిలితే మళ్ళీ అతుక్కోవు.

"అయ్యా, లాగొద్దు. నేను విప్పుతా. కింద అమ్మవారు లేదండి. నేను చేసిన తప్పు ఉంది."

విప్పుతూనే చెప్పాను. శనివారం, బస్సు, మొలతాడు, మస్తాన్ మామ, అన్నీ. లెన్సుల పగ సంగతి కూడా చెప్పాను. అప్పుడు మాస్టారు ముందుకు వచ్చి, "కొమ్మకు అనటం మర్చిపోయింది నేనండి. ఆమె తప్పు సగమే" అన్నారు. ఆయన మతిమరుపు మనిషే గానీ, ఆ మాట మాత్రం మర్చిపోలేదు.

గోనె ఊడింది, మట్టి రాలింది. నాలుగు పుల్లల్లో ఒకటి ఎండిపోయింది. మూడు మాత్రం పచ్చగా, కట్టినప్పటికంటే లావెక్కి, రెండు చివర్లా చెట్టులో కలిసిపోయి ఉన్నాయి. ఒకదానికి తెల్లటి చిగురు కూడా వచ్చింది, వెలుతురు చూడక పాలిపోయి.

సెక్రటరీ గారు గొంతుక్కూర్చున్నాడు. చానాసేపు చూశాడు.

"ఎంత వెడల్పు ఒలిచావు?" అన్నాడు.

"రెండు వేళ్ళండి."

"చాలదే. మా నాయన జానెడు ఒలిపించేవాడు. రెండు వేళ్ళయితే ఒక్కోసారి మళ్ళీ అతుక్కుని బతుకుద్ది." అని, మాస్టారు వింటున్నాడని గుర్తొచ్చి దగ్గాడు. "చెట్టు బతికినట్టేనా?"

"బతికిందండి. తీపి దిగుతుంది కిందికి."

ఆయన లేచి పట్టుగుడ్డ వైపూ కమిటీ గది వైపూ చూశాడు. "లోపల ఏడుగురు కూర్చున్నారు. నా చెట్టులో అమ్మవారు వెలిసిందని యార్డంతా చెప్పాను. ఇప్పుడు పోయి ఏమని చెప్పను, అటెండరు కత్తితో ఒలిచిందనా? ఏమీ అనుకోకుండా ఈ పట్టుగుడ్డ కట్టెయ్. గట్టిగా కట్టు, జారిపోకుండా."

"గట్టిగా కట్టకూడదండి. చెట్టు లావెక్కేకొద్దీ గుడ్డ బెరడులోకి దిగుద్ది. తిండి దారి మళ్ళీ తెగుద్ది. ఈసారి కత్తి కూడా అక్కర్లేదు."

"వదులుగా కట్టు మరి."

"ఇయ్యాల వదులు, ఏడాదికి బిగుతు. ఏటా ఒకసారి విప్పి వదులు చెయ్యాలండి. తెలిసిన చెయ్యి అయ్యుండాలి."

"నువ్వే చెయ్యి."

నేను గుడ్డ మడత సరిచేస్తూ తల దించుకున్నాను. "టెంపరరీ వాళ్ళమండి. వచ్చే కార్తీకానికి ఉంటామో, మిరప కోతలకు పోతామో."

ఏసోబు అటు తిరిగి దగ్గాడు. సెక్రటరీ గారు నన్ను అదోరకంగా చూశాడు, యార్డులో తనకంటే ముందు బేరం కొట్టినవాణ్ణి చూసినట్టు. లోపలికి పోయాడు. కిటికీ పక్కన నిలబడి విన్నాను, దాచేదేముంది.

"ఈ కోటమ్మది పర్మనెంటు చేసెయ్యండి" అన్నాడు.

"కారణం రాయాలండి" అన్నాడు క్లర్కు.

"చెట్టు సంరక్షణ అని రాయి." కలం గీకిన చప్పుడు వినపడింది. "వద్దు, కొట్టెయ్. పనిమంతురాలు అని రాయి."

పనిమంతురాలినో కాదో మీరే అనుకోండి. ఆ మరుసటి కార్తీకానికి ఆ గుడ్డ వదులు చేసింది మాత్రం నేనే.